మీట ఆమె చేతిలోనే

పీరియడ్ అయిందని గంట మోగింది. మిగతా అమ్మాయిలు పుస్తకాలు సర్దుకుంటూ లేచారు. ఆమె మాత్రం భుజాలు బిగబట్టి, ఆ మోత ఆగేదాకా కదల్లేదు. పళ్ల డాక్టరు మర నేరుగా నరానికి తగిలితే ఎలా ఉంటుందో, బడి గంట తన చెవికి అలా ఉండేదని చాలా ఏళ్ల తర్వాత తనే రాసుకుంది. పీరియడ్‌కో గంట. రోజంతా అంతే.

తలుపులు తెరుచుకోగానే నడవా నిండిపోయింది. బూట్ల చప్పుడు, నవ్వులు, ఒకరినొకరు పిలుచుకునే కేకలు. ఇంత గోలలో ఏ మాట వినాలో, దేన్ని వదిలెయ్యాలో మన చెవి మనకు తెలియకుండానే తేల్చేసుకుంటుంది. ఆమె చెవి తేల్చుకోలేదు. అన్ని చప్పుళ్లూ ఒకే జోరుతో లోపలికి వచ్చిపడతాయి.

అప్పుడే ఎదురొచ్చిన ఒక అమ్మాయి ఆమెను చూసి మందబుద్ధి అని వెక్కిరించింది. ఇది కొత్త కాదు. ఒకే మాటను పదే పదే చెబుతుందని ‘టేప్ రికార్డర్’ అంటూ అప్పటికే పేరు పెట్టారు. ఈసారి ఆమె చేతిలో పుస్తకం ఉంది. విసిరింది. అది వెళ్లి ఆ అమ్మాయికి తగిలింది.

ఇంటికి ఫోన్ వచ్చింది. ఇక మీ అమ్మాయిని మా బడికి పంపనక్కర్లేదని దాని సారాంశం.

పెద్దవాళ్ల కళ్లబడింది ఆ చివరి క్షణం ఒక్కటే. పొద్దుటి నుంచి మోగిన గంటలు, నడవాలో తోపులాట, ఎన్నాళ్లుగానో సాగుతున్న ఎగతాళి, వీటిలో ఏదీ ఆ ఫోన్‌లో ప్రస్తావనకు రాలేదు. విసిరిన పుస్తకం ఒక్కటే లెక్కలోకి వచ్చింది. ఇది 1960ల తొలినాళ్ల సంగతి. బోస్టన్ శివార్లలోని ఒక ఆడపిల్లల ప్రైవేటు బడి. ఆ అమ్మాయికి అప్పుడు 14 ఏళ్లు. పేరు టెంపుల్ గ్రాండిన్.

ఆటిజం గురించి కాస్తయినా చదివినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. తర్వాతి కాలంలో ఆమె కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పశు విజ్ఞానం బోధించే ప్రొఫెసరయ్యారు. 2010లో హెచ్‌బీఓ వాళ్లు ఆమె జీవితాన్ని సినిమాగా తీస్తే క్లెయిర్ డేన్స్ ఆ పాత్ర వేసింది. ఆ పేరు ప్రఖ్యాతులతో ఇక్కడ మనకు పని లేదు. పుస్తకం విసిరిన ఆ పిల్ల మళ్లీ ఎలా కుదుటపడింది? ఎవరేం చేస్తే కుదుటపడింది, ఎవరేం చేస్తే ఇంకా చెదిరిపోయింది? గ్రాండిన్, ఆమె తల్లి యుస్టేషియా కట్లర్ తమ పుస్తకాల్లో చెప్పుకున్న ఆ రోజుల్ని ఒకచోట చేర్చి చూస్తే, ఇవాళ్టి మన తరగతి గదులకు కావలసిన జవాబు ఒకటి అందులో కనిపిస్తుంది.

* * *

టెంపుల్ 1947 ఆగస్టులో పుట్టింది. రెండేళ్లు దాటినా మాట రాలేదు. ఎత్తుకుంటే కొయ్యబారిపోయేది, దింపమని గింజుకునేది. మెదడు దెబ్బతిందన్నారు డాక్టర్లు. ఆటిజం గురించి లియో కానర్ తన తొలి వ్యాసం రాసింది 1943లో, అప్పటికి ఆరేళ్లే అయింది. ఆ పేరు చాలామంది వైద్యుల దాకా కూడా చేరలేదు. ఇలాంటి పిల్లల్ని ఏదో ఒక ఆశ్రమంలో చేర్చి మరిచిపోవడం అప్పటి రివాజు. తండ్రి అటే మొగ్గాడు. తల్లి ససేమిరా అంది. స్పీచ్ థెరపీ ఇప్పించింది. పిల్లను ఊరికే ఒక మూల కూర్చోనివ్వకుండా ఆటలాడించడానికి ఆయాను పెట్టింది. నాలుగో ఏడు వచ్చేసరికి మాటలు వచ్చాయి.

మాటలైతే వచ్చాయి కానీ లోకం చేసే గాయం తగ్గలేదు. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు గౌను కింద తొడిగే గరుకు లంగా ఆమెకు నరకం. పుట్టినరోజు పార్టీలకు పిలిస్తే, ఏ క్షణాన ఏ బెలూన్ పేలుతుందోనన్న భయంతో బిక్కచచ్చిపోయేది. ఇంకో చిత్రమైన బాధ కూడా ఉంది. తనను ఎవరైనా దగ్గరికి తీసుకోవాలని ఆమెకూ ఉండేది. కానీ తీరా దగ్గరికి తీసుకుంటే ఆ స్పర్శ ఒక్కసారిగా ముంచెత్తి ఊపిరాడనిచ్చేది కాదు. అందుకని సోఫా దిండ్ల కింద దూరి, పైన కూర్చోమని చెల్లెల్ని బతిమాలేది. ఒంటి మీద బరువు పడుతుంటే హాయిగా ఉండేది. తన ఒళ్లంతటినీ మెత్తగా అదిమిపట్టే పెట్టె ఒకటి ఉంటే బాగుండునని అయిదారేళ్ల వయసు నుంచే కలలు కనేది.

ప్రాథమిక బడి ఆమె అదృష్టం. డెడమ్ అనే ఊళ్లో చిన్న బడి, తరగతికి పిల్లలు తక్కువ. తల్లి ముందుగానే వెళ్లి టీచర్లతో మాట్లాడింది. టీచర్లు తరగతి పిల్లలతో మాట్లాడారు. టెంపుల్‌కు ఉన్న ఇబ్బంది పైకి కనిపించేది కాదని, ఆమెకు మీ అందరి సాయం కావాలని చెప్పారు. బడిలో ఆమె పెద్ద రభస చేసిన రోజున టీచరు ఇంటికి ఫోన్ చేసేది. సాయంత్రం తల్లి గొంతు పెంచేది కాదు, కొట్టేది కాదు, ఉపన్యాసం ఇచ్చేది కాదు. ఇవాళ టీవీ లేదని మాత్రం చెప్పేది. ‘హౌడీ డూడీ’ కార్యక్రమం అంటే పిల్లకు ప్రాణం. ఇంట్లో, బడిలో నియమం ఒక్కటే. ఆ నియమం ఏ పూటా మారేది కాదు.

ఇది చదివి, చూశారా, శిక్షిస్తేనే దారికొస్తారు అనుకునేవాళ్లుంటారు. కాస్త ఆగాలి. గ్రాండిన్ తర్వాతి రోజుల్లో తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడిన ప్రతిచోటా ఒక తేడాను గట్టిగా చెబుతూ వచ్చారు. తనకు కావలసింది దొరకలేదని చేసే అల్లరి వేరు. చప్పుడో వెలుతురో వాసనో భరించలేక నరాలు తెగిపోతున్నట్టయి పెట్టే కేక వేరు. మొదటిదానికి నియమం పనికొస్తుంది. రెండోదానికి శిక్ష వేస్తే నొప్పితో ఏడ్చే పిల్లను ఏడ్చినందుకు కొట్టినట్టే. ఏది ఏదో తెలియాలంటే పెద్దవాళ్లు డిటెక్టివుల్లా వెతకాలని ఆమె అంటారు. కేకకు ముందు ఏం జరిగింది? గదిలో ఏం మోగింది? ఎవరు ముట్టుకున్నారు? ఏ అలవాటు ఉన్నట్టుండి మారింది? నా మట్టుకు నాకు ఇదే మొదటి మెట్టు అనిపిస్తుంది. మన బడుల్లో ఎక్కువగా దాటవేసే మెట్టూ ఇదే.

* * *

బడి నుంచి పంపేశాక తల్లి ఆమెను న్యూ హాంప్‌షైర్‌లోని రిండ్జ్ అనే ఊరికి పంపింది. అక్కడ హాంప్‌షైర్ కంట్రీ స్కూల్ అనే రెసిడెన్షియల్ బడి ఉంది. హెన్రీ పేటీ అనే పిల్లల మనస్తత్వవేత్త స్థాపించింది. చుట్టూ కొండలు, పొలాలు, పశువుల కొట్టాలు, గుర్రాలు. నడవాల్లో తోపులాట లేదు.

అయినా ఎగతాళి అక్కడా ఉంది. ఆమె చేయి చేసుకోవడమూ ఆగలేదు. దానికి కొన్నాళ్లు గుర్రం ఎక్కనివ్వలేదు. ఆ దెబ్బతో ఆమె కొట్టడం మానేసింది. కోపం వచ్చినప్పుడు పక్కకు వెళ్లి ఏడవడం నేర్చుకుంది. కోపాన్ని ఏడుపుగా మార్చుకోగలగడమే తన ఉద్యోగాన్ని తర్వాత కాపాడిందని ఆమె ఇప్పటికీ చెబుతారు. ఏడ్చే పిల్లను ఏడవనివ్వాలని కూడా చెబుతారు. ముఖ్యంగా మగపిల్లల్ని. ‘మగాడివి, ఏడుస్తావేంటి’ అని ఆ దారి కూడా మూసేస్తే వాడికి మిగిలేది పిడికిలే.

గుర్రాలు కోపాన్ని సర్దగలిగాయి కానీ లోపలి భయాన్ని సర్దలేకపోయాయి. యుక్తవయసు రావడంతోనే ఆమెకు భయాందోళనలు పట్టుకున్నాయి. కారణం ఏమీ ఉండదు. ఉన్నట్టుండి గుండె దడ, చేతులకు చెమటలు, గొంతు ఎండిపోవడం. వందల మంది ముందు మొదటిసారి వేదికెక్కినప్పుడు పుట్టే భయం పొద్దున్నుంచి రాత్రిదాకా వదలకుండా ఉంటే ఎలా ఉంటుంది? ఆ స్థితిలో ఉన్న పిల్ల పైకి మొండిగానో, పొగరుగానో, చిన్నదానికే ఎగిరిపడేదానిలానో కనిపిస్తుంది. ఇలా ఎందుకు చేస్తున్నావని అడిగితే చెప్పలేదు. తనకే తెలియదు.

ఆ రోజుల్లోనే ఒకసారి హాస్టల్ భవనంలో కొత్తగా కడుతున్న భాగం చూడాలని నిచ్చెన ఎక్కింది. పైన ఒక చిన్న చెక్క తలుపు. తోసుకుని వెళ్తే చిన్న గది. మూడు పెద్ద కిటికీలు, వాటి అవతల కొండలు. కింద ఉన్న గోల అక్కడికి రాదు. ఆ గదిలో అడుగుపెట్టగానే ఎన్నాళ్లకో ఊపిరి నెమ్మదించింది. ఆ తర్వాత అవకాశం చిక్కినప్పుడల్లా అక్కడికి చేరేది. ఇప్పుడు మంచి బడుల్లో తరగతి చివర ‘కామ్ కార్నర్’ అని ఒక మూల ఏర్పాటు చేస్తున్నారు. మసక వెలుతురు, కింద పరుపు, అడిగేవాళ్లు ఉండరు. టెంపుల్‌కు అలాంటిది ఎవరూ ఏర్పాటు చేయలేదు. తానే వెతుక్కుంది. తన ఒంటికి ఏం కావాలో ఆ పిల్లకు తెలుసు. పెద్దవాళ్లు ఆమెను అడగలేదు, అంతే.

* * *

ఇక ఆరిజోనా.

తల్లి రెండో పెళ్లితో ఒక కొత్త చుట్టరికం కలిసింది. మారుతండ్రి సోదరి ఆన్. వరసకు మేనత్త. ఆరిజోనాలో ఆమెకు పశువుల రాంచ్ ఉంది. వేసవి సెలవులకు టెంపుల్ అక్కడికి వెళ్లింది. ఎండ, దుమ్ము, పశువుల అరుపులు. టీకాలు వేసే పని జరుగుతోంది.

మన ఊళ్లలో పశువుల ఆసుపత్రి ముందు ఇనుప గొట్టాల చట్రం ఒకటి ఉంటుంది కదా, సూదిమందు వెయ్యాలంటే గేదెను అందులో నిలబెట్టి కడతారు. అమెరికా రాంచ్‌లో ఉండే చట్రానికి పక్కలు కదులుతాయి. ఆవు లోపలికి రాగానే మెడ దగ్గర కమ్మీలు మూసుకుంటాయి. మీట లాగితే రెండు పక్కల పలకలూ దగ్గరికి జరిగి ఆవు డొక్కల్ని అదిమిపడతాయి. టెంపుల్ కంచె పక్కన నిలబడి చూస్తూనే ఉంది. బెదిరిన కళ్లతో, గిట్టలు నేలకేసి కొడుతూ వచ్చిన పశువుల్లో కొన్ని, పలకలు బిగియగానే నెమ్మదిస్తున్నాయి. అన్నీ కాదు. కొన్ని. ఆమెకు ఆ కొన్ని చాలు.

కొన్నాళ్లకే ఆమెకు భయం మళ్లీ విరుచుకుపడింది. అత్త దగ్గరికి వెళ్లి ఒక కోరిక కోరింది. తనను ఆ చట్రంలో పెట్టి పలకలు బిగించమని.

ఆన్ అత్త స్థానంలో ఉంటే మనలో ఎంతమందిమి ఏం చేసేవాళ్లం? పిచ్చి పట్టిందా అనేవాళ్లం. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అనేవాళ్లం. వాళ్లమ్మకు ఫోన్ చేసేవాళ్లం. ఆమె అవేవీ చేయలేదు. పిల్ల చేతులూ మోకాళ్లూ ఆనించి చట్రంలోకి వెళ్లింది. మెడ దగ్గర కమ్మీలు మూసి, అత్త మీట లాగింది.

ఇనుప పలకలు రెండు పక్కలా దగ్గరికి వచ్చి ఒంటికి ఆనాయి. మొదటి క్షణాల్లో ప్రాణం పోయినట్టయింది. ఒళ్లు బిగుసుకుపోయింది. వెనక్కి లాక్కుందామంటే మెడ రాదు. అయిదు సెకన్లు గడిచాయి. ఆ తర్వాత బిగువు కరిగింది. భుజాలు వాలాయి, దడ తగ్గింది, నెలల తరబడి ఒంట్లో మోగుతూనే ఉన్న అలజడి దిగిపోయింది. అత్త ఏమీ అడగలేదు. అరగంట తర్వాత టెంపుల్ చాలు అంది. అత్త వదిలింది. ఆ తర్వాత గంటసేపు తనకు అంతటి ప్రశాంతత ఎలా వచ్చిందో ఆ పిల్లకే ఆశ్చర్యం.

ఈ ఘట్టాన్ని చాలామంది యంత్రం కథగా చెబుతారు. నాకు ఆన్ అత్తే ఎక్కువగా కనిపిస్తుంది. పిల్ల అడిగినప్పుడు బిగించింది, పిల్ల చెప్పినప్పుడు వదిలింది. ఆ అరగంటా పక్కనే ఉంది. తరగతిలో ఒక పిల్లవాడు కట్టలు తెంచుకున్నప్పుడు టీచరు చేయాల్సింది చాలావరకు ఇదే.

* * *

సెలవులయ్యాయి. న్యూ హాంప్‌షైర్‌కు తిరిగొచ్చాక ఆమె ప్లైవుడ్ పలకలు తెచ్చి, కోసి, మేకులు కొట్టి, మనిషికి సరిపడే చట్రం తయారు చేసుకుంది. అప్పటికి 18 ఏళ్లు. అత్త రాంచ్‌లో మీట అత్త చేతిలో ఉండేది. ఇప్పుడు తన చేతికే అందేలా పెట్టుకుంది. ఎంత బిగించాలి, ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఇక ఆమె ఇష్టం.

బడిలో కలకలం రేగింది. ఎదిగిన పిల్ల పశువుల చట్రం లాంటిదాంట్లో దూరడమేమిటి? బడి మనస్తత్వవేత్తకు అందులో ఏవేవో విపరీతాలు కనిపించాయి. దాన్ని తీసేయాలన్నారు. తల్లికీ కంగారే. ఇంట్లో, బడిలో ఇంతకాలం ఆమె పక్షాన నిలిచినవాళ్లు కూడా ఈసారి ఎదురు తిరిగారు. వాళ్లు ఎంత ఒత్తిడి చేస్తే ఆమె అంత పట్టుదలకు పోయింది. తనకు దొరికిన ఒకే ఒక్క ఉపశమనాన్ని లాగేస్తామంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

అప్పుడు ముందుకు వచ్చినవాడు సైన్సు మాస్టారు విలియం కార్లాక్. యంత్రం మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. అందులో ఉంటే నీకు ఎందుకు నెమ్మదిస్తుందో తెలుసుకోవాలనుందా, అయితే సైన్సు చదవాలి అన్నాడు. లైబ్రరీకి తీసుకెళ్లాడు. శాస్త్రవేత్తలు ఇంట్లో ఉండే ఎన్‌సైక్లోపీడియాలతో సరిపెట్టుకోరని చెప్పి, ‘సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్’, ‘ఇండెక్స్ మెడికస్’ సంపుటాల్లో పరిశోధన వ్యాసాలు ఎలా వెతకాలో నేర్పాడు. అప్పటిదాకా చదువంటే విసుగుపడిన పిల్ల పుస్తకాల మీద పడింది.

ఆ ప్రశ్న ఆమెను చాలా దూరం తీసుకెళ్లింది. కాలేజీలో తోటి విద్యార్థుల్ని తన యంత్రంలో కూర్చోబెట్టి ఎలా ఉందో అడిగి రాసుకుంది. వాళ్లలో సగానికి పైగా హాయిగా ఉందన్నారు. 1992లో ఒక వైద్య పత్రికలో పూర్తి వ్యాసం రాసింది. తేలికగా తాకితే నరాలు ఉలిక్కిపడతాయి, ఒంటి మీద విశాలంగా, గట్టిగా, నిలకడగా అదిమితే నెమ్మదిస్తాయి అన్నది అందులోని సారం. పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టే ప్రతి తల్లి చేతికీ ఈ సంగతి తెలుసు. మరో చిన్న ముచ్చట కూడా ఆమె రాసింది. అంతకుముందు ఇంట్లో పిల్లిని పట్టుకుంటే అది తప్పించుకుని పారిపోయేది, ఎంత గట్టిగా నొక్కుతున్నానో తనకే తెలిసేది కాదట. యంత్రంలో మెత్తటి ఒత్తిడి తానే రుచి చూశాక పిల్లిని మృదువుగా నిమరడం వచ్చింది. అది ఒళ్లోనే ఉండిపోవడం మొదలుపెట్టింది.

* * *

ఇక్కడ ఒక భయంకరమైన సంగతి చెప్పక తప్పదు. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని ఒక స్పెషల్ స్కూల్లో 13 ఏళ్ల బాలుణ్ని సిబ్బంది నేల మీద బోర్లా పడుకోబెట్టి గంటన్నరకు పైగా అదిమిపట్టారు. ఆ అబ్బాయికి ఆటిజం. ఆసుపత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు. ఆ బడి మూతపడింది, క్రిమినల్ కేసులు నడిచాయి. అది ఒక్కచోటే జరిగిందీ కాదు. 2009లోనే అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. రెండు దశాబ్దాల్లో బడుల్లో పిల్లల్ని అదిమిపట్టడం, గదుల్లో బంధించడం వల్ల హింస, మరణం జరిగాయన్న ఆరోపణలు వందల సంఖ్యలో బయటపడ్డాయి. దేశమంతటికీ వర్తించే చట్టం లేదని కూడా ఆ నివేదిక తేల్చింది.

బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేస్తే ఛాతీ విచ్చుకోదు. ఊపిరి కోసం పిల్లవాడు గింజుకుంటాడు. ఆ గింజులాటను పెద్దవాళ్లు ఇంకా తిరగబడుతున్నాడనుకుంటారు, ఇంకాస్త అదుముతారు. ప్రాణం పోయేది ఇలాగే. టెంపుల్ ఒంటి మీద పడిందీ ఒత్తిడే, ఈ అబ్బాయి మీద పడిందీ ఒత్తిడే. మొదటిదాన్ని పిల్ల కోరుకుంది, వదలమనగానే అత్త వదిలింది. రెండోదాంట్లో పిల్లవాడి మాటకు విలువే లేదు. పిల్లల్ని శాంతపరచడం గురించి ఎన్ని పద్ధతులు చదివినా, ముందు ఈ ఒక్క తేడా మనసులో నాటుకోవాలి.

మరి మన తరగతిలో, నలభై యాభై మంది పిల్లల మధ్య, ఒక్కడు చెవులు మూసుకుని కేకలు పెడుతూ బల్ల కింద దూరితే టీచరమ్మ ఏం చేయాలి? విద్యావేత్త జెఫ్ కాల్విన్ ఇలాంటి ఉధృతిని ఏడు దశలుగా విడదీశాడు. ప్రశాంతంగా ఉన్న పిల్లవాణ్ని ఏదో ఒకటి కదిలిస్తుంది, అలజడి మొదలవుతుంది, ముదురుతుంది, పతాక స్థాయికి చేరుతుంది, తగ్గుముఖం పడుతుంది, చివరికి కోలుకుంటాడు. టీచరు చేతిలో ఎక్కువ బలం ఉండేది అలజడి దశలో. వేళ్లు ఆడించడం పెరుగుతుంది, ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది, చూపు తలుపు మీదికి పోతుంది, ముఖం ఎర్రబడుతుంది. అప్పుడే లెక్క ఆపి, నీళ్లు తాగి వస్తావా అనొచ్చు. ఫ్యాను కింద నుంచి జరపొచ్చు. పక్క గదిలో టీచరుకు ఈ రిజిస్టరు ఇచ్చిరా అని బయటికి పంపొచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న హెడ్‌ఫోన్లు అందించవచ్చు.

అది దాటి పతాకానికి చేరాక మాటలు లోపలికి వెళ్లవు. ఎందుకు చేశావు, సారీ చెప్పు, అందరూ నిన్నే చూస్తున్నారు, ఇవన్నీ ఆ క్షణంలో మరికొన్ని చప్పుళ్లు మాత్రమే. ఒక్కరే మాట్లాడాలి, అదీ రెండు మూడు మాటలు, తగ్గు స్వరంతో. ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, ఒక చేయి దూరం అవతల నిలబడాలి. కళ్లలోకి చూడమని ఒత్తిడి చేయకూడదు. అడగకుండా ముట్టుకోకూడదు. పిల్లవాణ్ని ఈడ్చుకుపోయే బదులు మిగతా పిల్లల్ని వరండాలోకి పంపడం సులువు, క్షేమం కూడా. లైటు ఆర్పగలిగితే ఆర్పాలి. కత్తెర, జామెట్రీ బాక్సు లాంటివి పక్కకు తీయాలి. తనకో ఇంకొకరికో గాయమయ్యే ప్రమాదం లేనంతవరకు వేచి ఉండటమే వైద్యం. టీచరమ్మ ఊపిరి నెమ్మదిగా ఉంటే గదికి కూడా ఆ నెమ్మది వస్తుంది.

తగ్గాక పిల్లవాడు బాగా అలసిపోయి ఉంటాడు. కొందరు నిద్రపోతారు, కొందరు ఏడుస్తారు, కొందరికి జరిగిందేదీ సరిగా గుర్తుండదు. విచారణ అప్పుడే మొదలుపెడితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ రోజుకు వదిలేసి, కేకకు ముందు పావుగంటలో ఏం జరిగిందో టీచరు తన డైరీలో రాసిపెట్టుకోవాలి. రాస్తూపోతే ఏదో ఒక వరస బయటపడుతుంది. మధ్యాహ్న భోజనం గంట కావచ్చు, ప్రేయర్‌లో మైకు కావచ్చు, పీఈటీ సారు విజిల్ కావచ్చు, సెలవు పెట్టిన టీచరు స్థానంలో వచ్చిన కొత్త ముఖం కావచ్చు.

మన దగ్గర చట్టం పిల్లల పక్షానే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ, స్పెషల్ ఎడ్యుకేటర్లకు శిక్షణ ఇస్తోంది. తెలుగు రాష్ట్రాల మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అయినా ‘నాలుగు తగిలిస్తే అదే ఊరుకుంటుంది’ అన్న మాట స్టాఫ్ రూముల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ‘మీ వాడి వల్ల మిగతా పిల్లలు పాడవుతున్నారు, టీసీ తీసుకోండి’ అన్న మాట వినని, ఆటిజం ఉన్న పిల్లల తల్లులు తక్కువ. 1960ల్లో యుస్టేషియాకు వచ్చిన ఫోన్ వాళ్లకు ఇప్పటికీ వస్తోంది. ఇది సహించరానిది. ఒక తరగతి గదిలో ఒక మూలకు పరుపు వేసి తెర కట్టడానికి ఏ జీవో అక్కర్లేదు.

* * *

గ్రాండిన్ యంత్రం ఆమె ఒక్కదానికే పరిమితం కాలేదు. నురుగు దిండ్లు, గాలి పంపుతో తయారైన తర్వాతి రూపాన్ని 1999లో ఎడెల్సన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆటిజం ఉన్న 12 మంది పిల్లల మీద పరీక్షించారు. వారానికి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు, ఆరు వారాలు. అయిదుగురికి ఒత్తిడి నిజంగా అందింది. ఏడుగురు యంత్రంలో ఉన్నా ఒత్తిడి పడకుండా చేశారు. ఒత్తిడి అందిన పిల్లల్లో బిగువు తగ్గింది. మొదట్లో ఎవరు ఎక్కువ అలజడిగా ఉన్నారో వాళ్లకే ఎక్కువ మేలు జరిగినట్టు కనిపించింది. అయితే ఇది చాలా చిన్న పరీక్ష. పిల్లలకు తొడిగే బరువైన కోట్ల మీద తర్వాత జరిగిన అధ్యయనాల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. ఒకరికి ఒత్తిడి, ఇంకొకరికి ఉయ్యాల, మరొకరికి చీకటి గది, వేరొకరికి ఒంటరిగా చెట్టు కింద పది నిమిషాలు. ఏది కావాలో పిల్లవాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు అడిగి తెలుసుకోవాలి. మాట రాని పిల్లలైతే బొమ్మల కార్డులు చూపించి అడగాలి, వాళ్లు తమంతట తాము ఎటు వెళ్తున్నారో గమనించాలి.

గ్రాండిన్‌ను నిలబెట్టింది యంత్రం ఒక్కటే కాదు. భయాందోళనలు అదుపులోకి వచ్చింది 1980ల తొలినాళ్లలో, తక్కువ మోతాదులో మందు మొదలుపెట్టాక. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచలేదు. యంత్రం మాత్రం ఆమెతోనే ఉంది. కాలేజీలో, ఉద్యోగంలో, అమెరికా అంతటా పశువుల కబేళాలకు, రాంచ్‌లకు మెరుగైన చట్రాల నమూనాలు గీస్తున్న దశాబ్దాల్లో కూడా. 2008 ప్రాంతంలో ఒకరోజు పాడైంది. బాగుచేయించుకునే తీరిక చిక్కలేదని, ఇప్పుడు మనుషులనే కౌగిలించుకుంటున్నానని 2010లో టైమ్ పత్రికతో చెప్పారు. అప్పటికి ఆమెకు 62 ఏళ్లు.